గోడలకు బనియన్లు

ఆదోనిలో ఉరుకుందప్ప ఇల్లు ఎక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. బనియన్ మేస్త్రీ ఇల్లు అంటే మాత్రం ఆటోవాడు మా గుమ్మం ముందే దించిపోతాడు. పాత ఇళ్ల గోడలకు లోపలి వైపు ఇంకో పొర కట్టి, ఎండ వేడి గదిలోకి రాకుండా ఆపడం నా వృత్తి. కొటేషన్లలో దీనికి నోరు తిరగని పేర్లు రాస్తారు. పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ముసలాయన "మా గోడకు ఏం జేస్తావప్పా నువ్వు" అని అడిగితే, ఆ పేరు నాకూ నోరు తిరగక, "బనియన్ తొడుగుతా తాతా" అన్నాను. ఆయన ఆ మాటను టీ అంగడి దాకా మోసుకుపోయాడు. ఆ తర్వాత ఊళ్లో నాకు వేరే పేరు లేకుండా పోయింది.

ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనని మొండికేశాయి కాబట్టి పని మానేశాను. ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఏ షీటు మంచిది, ఏ జిగురు గట్టిగా పట్టుకుంటుంది అని అడుగుతుంటారు. అవన్నీ షీట్లు అమ్మేవాళ్లు చెబుతారు, కాస్త ఎక్కువే చెబుతారు. వాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాద్దామని కూర్చుంటే పెన్ను కదలకముందే నవ్వు వస్తోంది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఒగనివే నవ్వుకుంటాండావు, ఏమాయె" అంది. గుండయ్య శెట్టి గోడ గుర్తొచ్చిందని చెప్పాను. ఇప్పుడు ఆమె కూడా గరిటె పట్టుకుని నవ్వుతోంది.

చెయ్యి పెట్టి చూడండి

మన వైపు పాత ఇళ్లవి రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు. మూరెడు మందం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పైన మట్టి మిద్దె. అంత మందం గోడలోంచి వేడి ఎలా వస్తుందని అందరూ అడుగుతారు. పొద్దున పూట ఆ ఇంట్లోకి పోతే నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ పడమటి గోడ మధ్యాహ్నం నుంచి ఎండను తాగుతూ కూర్చుంటుంది. రాయి తాగిన వేడిని వెంటనే బయటపెట్టదు. మనం అన్నం తిని మంచం వాల్చే వేళకు తీరిగ్గా మొదలుపెడుతుంది. వీధిలో గాలి చల్లబడినా గది మాత్రం పెనంలా ఉంటుంది.

అందుకే ఇల్లు చూడటానికి మధ్యాహ్నం పోవద్దు. దీపాలు పెట్టిన తర్వాత పొండి. ఇంటివాళ్లు చెప్పేది వింటూనే ఒక్కో గోడ మీదా అరచెయ్యి ఆనించండి. ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తుందో ఆ గోడకే బనియన్ కావాలి. నాలుగు గోడలకూ వేయించుకోమని బతిమాలేవాడు మేస్త్రీ కాదు, షీట్ల అంగడివాడికి చుట్టం.

ఇంకొక మాట. తడి గోడకు బనియన్ తొడగకండి. తడి ఎక్కడినుంచి వస్తోందో ముందు కనిపెట్టి ఆపండి. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా గోడ ఆరేదాకా ఆగండి. మట్టి గోడ కాస్త ఊపిరి పీల్చుకోవాలి. దాన్ని ప్లాస్టిక్ పట్టాతో మూసేస్తే లోపలే ఉబ్బి, ఒకరోజు పూత మొత్తం పెచ్చులుగా కిందికి జారుతుంది. ఈ తడి సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పబోయేది బాగా రుచిస్తుంది.

గుంతను జరపలేం

నాకు పని నేర్పినవాడు ఎమ్మిగనూరు బడేసాబ్ మేస్త్రీ. కొలతల్లో మొనగాడు. టేపు తీసి గోడ మీద పెట్టాడంటే గోడే సర్దుకుని నిలబడుతుందని ఆయన నమ్మకం. తప్పు చేసినప్పుడు కూడా అంత ధీమాగానే చేసేవాడు, అందుకే ఆయన దగ్గర పని చాలా నేర్చుకున్నాను.

ఎమ్మిగనూరులోనే రామలింగప్ప అని ఒక నేతగాడు ఉండేవాడు. ఇంటి ముందు గదిలో గుంట మగ్గం. వేసవిలో గోడ వేడికి గది ఎండిపోయి, నూలు పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగేవి. తెగిన పోగులు అతుక్కుంటూ కూర్చుంటే నేత సాగదు కదా. మేము పోయి మగ్గం చెక్కలు విప్పించి బయట పెట్టించాం. గోడకు సన్న చెక్కలు బిగించి, వాటి మధ్య థర్మాకోల్ పలకలు పేర్చి, పైన జిప్సం బోర్డు కప్పి, రంగు వేశాం. గది చల్లబడింది. బడేసాబ్ మీసం మెలేశాడు.

మగ్గం మళ్లీ గుంత మీద నిలబెట్టారు. రామలింగప్ప గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని, అడ్డపోగు మోసే నాడె విసరడానికి చెక్కను ముందుకు లాగబోతే దాని చివర మా కొత్త గోడకు తగిలి ఆగిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ తగిలింది. మేము గోడను ఎంత మందం చేశామో గది అంత తగ్గింది మరి.

"మేస్త్రీ, గోడ సల్లగుండాది. నేసేది యాడ?" అన్నాడు.

"మగ్గం జానెడు ఇట్ల జరుపుకో అన్నా," అన్నాడు బడేసాబ్, ఏమాత్రం తొణక్కుండా.

"మగ్గం నేను జరుపుతా. గుంత నువ్వు జరుపు."

రామలింగప్ప నవ్వలేదు. బడేసాబ్ కూడా నవ్వలేదు. నేను బయటికి పరిగెత్తి పోయి నవ్వి వచ్చాను. చివరికి మగ్గం చివర తగిలేచోట మాత్రం బోర్డు కోసి, గోడలో ఒక గూడు వదిలాం. రామలింగప్ప నేత ఆగిన వేళ ఆ గూట్లో టీ గ్లాసు పెట్టుకునేవాడు. తర్వాత చూడవచ్చినవాళ్లకు, ఆ గూడు తానే కావాలని అడిగి పెట్టించుకున్నట్టు చెప్పేవాడు.

బడేసాబ్ ఖాళీ గదిని కొలిచాడు. కొలవాల్సింది ఖాళీ గదిని కాదు. అందులో ఎవరు ఏ పని చేస్తారు, చెయ్యి ఎంత దూరం చాపుతారు, మంచం ఏ వైపు వాలుస్తారు, దీపం గూడు ఎక్కడుంది అని చూడాలి. ఇంకా ముఖ్యంగా, ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి ఎవరో కనుక్కుని ముందు ఆమెతో మాట్లాడాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా గోడలు ఆమె మాటే వింటాయి.

శెట్టి పడమటి గది

గుండయ్య శెట్టి ఆదోనిలో పత్తి వ్యాపారి. మనిషి మంచివాడు, నోరు ఇంకా మంచిది. ఆయన ఇల్లు పాత రాతి కట్టడం. పడమర పక్కనున్న మిద్దె కూలిపోయినప్పటి నుంచి ఆయన పడమటి గది గోడకు నేరుగా ఎండ తగులుతోంది. ఆ కూలిన జాగా మీద అన్నదమ్ముల కోర్టు గొడవ నడుస్తోంది, అక్కడ నిచ్చెన వేయడానికి కూడా ఎవరూ ఒప్పుకోరు. అంటే ఏం చేసినా గోడకు లోపలి నుంచే చేయాలి.

శెట్టి కూతురు భార్గవిని బళ్ళారికి ఇచ్చారు. తొలి కాన్పు, అదీ ఎండాకాలంలో. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని శెట్టి పట్టు. ఆస్పత్రి నుంచి వచ్చాక తల్లీబిడ్డ ఉండేది పడమటి గదిలోనే, ఎందుకంటే స్నానాల బచ్చలి ఆ గది మూలనే ఉంది. అంతవరకు బాగానే ఉంది. కానీ శెట్టి తల్లి వెంకమ్మవ్వ ఒక కట్టడి పెట్టింది. బాలింత గదిలో ఫ్యాను తిరగకూడదు, ఏసీ అసలే కూడదు.

"బాలింతకు గాలి కొడితే కీళ్లల్లో కూసుంటాది. పంకా తిరిగిందంటే నేను ఆ గడప తొక్కను," అంది అవ్వ.

భార్గవి ఫోన్లో ఇంకో కట్టడి పెట్టింది. శెట్టి ఆ ఫోను నా చెవి దగ్గర పెట్టి వినిపించాడు.

"నాయినా, పంకా ల్యాకుండా ఆ గదిలో పండుకుంటే నేను బొరుగుల మాదిరి ఏగిపోతా. మా అత్త ఈడ ఏసీ పెట్టిచ్చి రెడీగా ఉండాది. గది సల్లబడితేనే వస్తా. ల్యాకుంటే కాన్పు బళ్ళారిలోనే."

శెట్టి ఫోను పెట్టేసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉరుకుందప్పా, అమ్మ ఇనదు, పాప ఇనదు. ఇంగ గోడే ఇనల్ల."

గాలి తగలకూడదన్న మాటను డాక్టరమ్మలు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అయితే ఇంటివాళ్ల నమ్మకాలతో వాదించడం నా వృత్తి కాదు. ఫ్యాను లేకపోయినా ఆ బిడ్డ నుదుట చెమట పట్టకుండా చూడటం నా వృత్తి. మీసం లేదు కానీ ఉంటే నేనూ మెలేసేవాణ్నే. అంత ఉత్సాహంగా దిగాను.

పాత సున్నం గీకించి, పగుళ్లు పూడ్పించి, గోడ ఆరాక సన్న చెక్కలు బిగించాం. థర్మాకోల్ షీట్లు కర్నూలు నుంచి రావాలి. రేపు, ఎల్లుండి అంటూ అవి రానే లేదు. ఇంతలో హాలహర్విలో మా చెల్లెలి కూతురి పెళ్లి వచ్చింది. షీట్లు వస్తే నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి పెళ్లికి పోయాను.

పెళ్లి పందిట్లో ఉండగానే శెట్టి ఫోను. "ఉరుకుందప్పా, నువ్వేం పరేషాన్ గావద్దు. లోపల నింపేది నింపించినా, బోర్డు గూడా బిగించినారు. రంగు ఏస్తాండారు."

తిరిగొచ్చి గోడ తట్టి చూశాను. థర్మాకోల్ నింపిన గోడ తడితే బోలుగా పలుకుతుంది. ఇది మాత్రం విందు భోజనం చేసినవాడి పొట్టలా మెత్తగా పలికింది. శెట్టి మందం షీట్లు తెప్పించాడు కాబోలు, పిసినారి అనుకున్నాను కానీ పెద్ద చెయ్యే అని మెచ్చుకున్నాను కూడా. దీపాలు పెట్టాక చెయ్యి ఆనించాను. గోడ చల్లగా ఉంది. గది చల్లగా ఉంది. శెట్టి ఆ రోజు నాకు తన పక్కన విస్తరి వేయించి ఓళిగలు తినిపించాడు.

భార్గవి వచ్చింది. గదిలో ఒక మధ్యాహ్నం పడుకుని లేచి, "నాయినా, ఈడనే ఉంటా," అంది. ఆదోని ఆస్పత్రిలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ పడమటి గదికి చేరారు. శెట్టి బజార్లో కనబడినవాడికల్లా చక్కెర పంచాడు, ఎదురుగా వచ్చిన అప్పులవాడికి కూడా.

ఆకులు

తర్వాత కొన్నాళ్లకు పొద్దున్నే శెట్టి ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఉరుకుందప్పా, గోడలోనించి ఏదో వస్తాండాది."

"చీమలా?"

"కాదు."

"చెదలా?"

"కాదప్పా. ఆకులు."

ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ పోయాను.

బాలింత గదిలోకి పరాయి మగవాళ్లు పోకూడదు కాబట్టి శెట్టి నన్ను నడవలోనే కూర్చోబెట్టి, జేబులోంచి ఒక మొలక తీసి నా అరచేతిలో పెట్టాడు. లేత కాడ, దాని మీద రెండు గుండ్రటి ఆకులు. ఇంకే ఊరివాడు గుర్తుపట్టకపోయినా ఆదోనివాడు పత్తి మొలకను గుర్తుపడతాడు.

"సావుకారూ, ఆ గోడలో ఏముండాది?"

"సల్లగానే ఉండాది కదప్పా."

"నేనడిగింది ఏముండాదని."

శెట్టి మిద్దె దూలాల వైపు చూశాడు. "పోయిన వానలకు తడిసి రంగు మారిన పత్తి గోడౌన్లో పడుండె. కొనేవాడు ల్యాకపాయె. నీ షీట్లు రాకపాయె. పాప వచ్చే దినం దగ్గరపడె. మనిషికి పరుపులో పనికొచ్చే పత్తి గోడకు పనికిరాదా అనుకుంటి."

"గింజ తీసిందా, తీయనిదా?"

"తీసిందైతే బేలు కట్టి అమ్ముకోనా?"

ఇంక నా వల్ల కాలేదు. ముందు దగ్గుతున్నట్టు నటించాను. తర్వాత స్తంభం పట్టుకుని నవ్వాను. గింజలతో సహా పచ్చి పత్తిని గోడ నిండా దట్టించాడు మహానుభావుడు. ఇక బచ్చలి ఆ గోడకు ఆనుకునే ఉంది. బాలింతకు, బిడ్డకు అవ్వ పోసే స్నానం మామూలుది కాదు, గంగాళాలకు గంగాళాలు వేడినీళ్లు. ఆ నీళ్లు రోజూ గోడ అడుగుకు చేరాయి. గింజకు వెచ్చదనం దొరికింది, తడి దొరికింది, మెత్తటి పడక దొరికింది. బోర్డుకూ నేలకూ మధ్యనున్న సందులోంచి, స్విచ్చుల పెట్టె అంచుల్లోంచి బారులు తీరి బయటికి వచ్చేశాయి. మన వైపు రైతు ఎన్ని తిప్పలు పడ్డా అంత బాగా మొలవదు.

నా నవ్వు విని గది తెర వెనకనుంచి అవ్వ అంది. "నవ్వుతావేందప్పా. ఇంట్లో బిడ్డ పుట్టింది, గోడ గూడా కనింది. మంచిదే గదా."

స్విచ్చుల పెట్టె మాట గుర్తు రాగానే నా నవ్వు ఆగిపోయింది. తడిసిన పత్తి మధ్యలోంచి కరెంటు తీగలు పోతున్నాయి. ఆ గోడ పక్కన పసిబిడ్డ నిద్రపోతోంది. ముందు మెయిన్ దగ్గరికి పోయి ఆ గదికి కరెంటు తీసేశాను. పత్తి మొత్తం ఈరోజే తీసేయాలి, ఇందులో మాట్లాడేది లేదు అని శెట్టికి చెప్పాను.

శెట్టి మొహం పాలిపోయింది. ఇంకో రెండు రోజుల్లో బిడ్డను ఉయ్యాల్లో వేసే వేడుక. బళ్ళారి నుంచి వియ్యపురాలు గౌరమ్మ వస్తోంది. ఆమె ముందే చెప్పి పెట్టింది, గది వేడిగా ఉంటే తల్లీబిడ్డను ఆ సాయంత్రమే తీసుకుపోతానని. గోడ విప్పి ఉంటే ఆమె గడప దగ్గరే నిర్ణయం చేసేస్తుంది.

"తల్లీబిడ్డను నడవలోకి మారుద్దాం," అన్నాను.

"ఉయ్యాల్లో ఏసేదాకా బాలింత గడప దాటకూడదు," అంది తెర వెనక అవ్వ.

"అయితే మా మనుషులు లోపలికి వస్తారు."

"మగోళ్లు ఈ గడప దాటకూడదు."

అంటే తల్లి బయటికి రాకూడదు, మేస్త్రీ లోపలికి పోకూడదు, గోడ మాత్రం ఈరోజే విప్పాలి. నా పనిలో అంత చక్కటి ముడి నాకు ఇంకెప్పుడూ తగల్లేదు.

అప్పుడు భార్గవి మాట్లాడింది. "మేస్త్రీ, అవి మొలిచి శానా దినాలాయె. నేను సూస్తానే ఉండా."

"మరి సెప్పల్యా యాలమ్మా?"

"సెప్తే పీకేస్తారని. ఫోను సూడొద్దంటారు, పుస్తకం సదవొద్దంటారు, కిటికీ తీయొద్దంటారు. నాకు సూసేకి ఇంగేముండాది. రెండు దినాలు సూడకుండా ఉంటే ఇంత పెరిగి కనబడతాయి." గొంతు తగ్గించింది. "గది సల్లగుండాది. బిడ్డ బాగా నిద్రపోతాంది. నాకు అవ్వ కాడనే ఉండల్లనుండాది మేస్త్రీ. మా అత్త వచ్చేలోగా ఏమన్నా సెయ్యి."

ఆ పిల్ల ఏడవలేదు. ‘చేస్తాను’ అన్నాను, ఎలాగో తెలియకుండానే.

మరియమ్మ గుంపు

ఉపాయం కళ్ల ముందే ఉంది. శెట్టి పత్తి అంగడి వెనక చెట్టు కింద రోజూ ఆడవాళ్లు కూర్చుని పత్తి ఏరుతుంటారు. వాళ్లకు పెద్ద మరియమ్మ. పత్తిని ఎలా పట్టుకుంటే దూది లేవకుండా వస్తుందో ఆ చేతులకు తెలుసు. ఆడవాళ్లు కాబట్టి అవ్వకు అభ్యంతరం లేదు. శెట్టి తనే పరిగెత్తి వాళ్లను పిలుచుకొచ్చాడు.

మరియమ్మ తెర పక్కకు తీసి గోడ చూసి, నా వైపు చూసి, శెట్టి వైపు చూసింది. "సావుకారూ, చేన్లో ఏసుకోకూడదా?" అంది అంతే. శెట్టి చెప్పుల వైపు చూసుకున్నాడు.

ముందు ఎమ్మిగనూరు దుప్పట్లు తెప్పించి, తడిపి పిండి, మంచానికీ గోడకూ మధ్య తెరలుగా కట్టించాను. ఎగిరే దూది ఆ తడికి అంటుకుంటుంది, బిడ్డ దాకా పోదు. గోడను సగం సగంగా విప్పాలని, సుత్తి చప్పుడు వినబడకూడదని చెప్పాను. స్క్రూలు చేత్తో తిప్పే స్క్రూడ్రైవర్తోనే తీయాలి. ఆ తర్వాత నేను గడప బయట, గదికి వీపు పెట్టి, గోడను చూడకుండా గోడ పని చేయించాను. అలా చేయించిన మేస్త్రీ మన జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

"మేస్త్రీ, ఇది యాపక్క తిప్పల్ల?"

"గడియారం ముల్లు తిరిగేదానికి ఎదురు."

"గడియారం మన దిక్కు మొగం పెట్టుంటేనా, గోడ దిక్కు పెట్టుంటేనా?"

నేను ఆలోచనలో పడ్డాను. నిజంగానే పడ్డాను. ఈలోపు అవ్వ అందుకుంది. "సీసా మూత తీసేతట్ల తిప్పండే. ఆయప్పను అడిగితే తెల్లారుతాది."

ఆ మాటతో స్క్రూలన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడొచ్చాయి. బోర్డు కింద పెట్టాక లోపలి పత్తి పరుపు మీద పరుపులా నిలబడి ఉందట. ఆ ఆడవాళ్లు దాన్ని లాగలేదు, చంటిబిడ్డకు కుల్లాయి తీసినంత మెల్లగా చేత్తో విడదీసి సంచుల్లోకి దించారు. మధ్యలో బిడ్డ ఒకసారి క్యారుమంది. లోపల అందరూ ఊపిరి బిగబట్టారు, బయట నేనూ శెట్టీ బిగబట్టాం. మళ్లీ నిద్రపోయింది. శెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

సంచులు బయటికి వస్తుంటే వాసన చూశాను. అడుగు పత్తి ముక్కిపోయి ఉంది. ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే పురుగు తేలేది, తీగ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక షీట్లు కావాలి. కర్నూలువి ఇంకా దారిలోనే ఉన్నాయి. మా ఇంటి పడమటి గదికని కొని, ఎప్పటినుంచో అటక మీద దాచిన షీట్లు గుర్తొచ్చాయి. తీసుకుపోతుంటే మా ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఊరందరి గోడలకు బనియన్లు ఏస్తావు. మన గోడ మాత్రం బరి ఒంటితోనే ఉండల్ల," అంది. బాలింత కోసమని చెప్పాక తనే రెండో కొస పట్టి ఆటోలో పెట్టించింది.

ఆ ఎండకు మర్నాటికి గోడ ఆరాక, మరియమ్మ గుంపు చేతే షీట్లను నేల నుంచి జానెడు ఎత్తున మొదలుపెట్టించాను, కింద తడి తగిలినా పైకి ఎక్కకుండా. ఆ జానెడు మేర గట్టి సిమెంటు పట్టీ వేయించి, బచ్చలి నీళ్లు గోడవైపు రాకుండా వాలు సరిచేయించాను. స్విచ్చుల పెట్టెను ఎదురు గోడకు మార్పించాను. ఆ వైరింగ్ కోసం మాత్రం అవ్వ కాళ్లు పట్టుకున్నంత పని చేయాల్సి వచ్చింది. చివరికి ఎలక్ట్రీషియన్ కిటికీ బయట నిలబడి చేయి మాత్రం లోపలికి పెట్టి చేశాడు. చెయ్యి గడప దాటలేదు కదా అన్నాను. అవ్వ ఆ చేతిని ఎగాదిగా చూసి సరే అంది.

మొలకల్లో గట్టివి ఏరి, మరియమ్మ ఒక పగిలిన గంగాళంలో మట్టి పోసి నాటింది. దాన్ని భార్గవి మంచం కనబడేలా కిటికీ గట్టు మీద పెట్టారు.

ఆ రోజు నుంచి నా గుంపులో సగం ఆడవాళ్లే. మరియమ్మ కొన్నాళ్లకు స్క్రూడ్రైవర్ సొంతంగా కొనుక్కుంది. ఈ పని మగవాళ్లదే అనుకునే పిల్లలు ఉంటే ఒక్కటే చెబుతాను. మనం పని చేసేది జనాలు కాపురం చేస్తున్న ఇళ్లలో. పడుకున్న బిడ్డ లేవకుండా గోడ విప్పగలిగినవాళ్లే ఇందులో నిపుణులు, మిగతాదంతా నేర్పితే వచ్చేదే.

తీర్పు

వేడుక రోజు ఎండ మా మీద పగబట్టినట్టు కాసింది. గౌరమ్మ కారు దిగింది. నిండు మనిషి, మాట కూడా నిండుగానే ఉంటుంది. బిడ్డను ఉయ్యాల్లో వేశారు, పాటలు పాడారు, భోజనాలయ్యాయి. ఓళిగల మీద నెయ్యి పోసుకుంటూ ఆమె శెట్టితో అంది.

"అన్నా, బేజారు చేసుకోవద్దండి. నేను ఒక గడియ ఆ గదిలో కూసోని సూస్తా. నాకే ఉడకబోస్తే పసిదానికి ఎట్లుంటాది. అట్లయితే సాయంత్రం బండ్లోనే ఇద్దరినీ తీసకపోతా."

పంకా లేదు, ఏసీ లేదు. బయట వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు. గౌరమ్మ గదిలోకి పోయి తెర వేసుకుంది.

నడవలో మేము వరసగా నిలబడ్డాం. శెట్టి, అవ్వ, నేను, సంచుల కోసం వచ్చి ఆగిపోయిన మరియమ్మ. లోపల గౌరమ్మ గొంతు వినబడింది.

"ఇదేం చెట్టమ్మా, పత్తి మాదిరుండాది?"

"పత్తే అత్తా."

"గదిలో యాల?"

శెట్టి కళ్లు మూసుకున్నాడు.

"అవ్వ వత్తులు సేసుకోనీకి," అంది భార్గవి. ఆ పిల్ల ఏ పరీక్షలో అయినా నెగ్గుతుంది.

తర్వాత మాటలు ఆగిపోయాయి. మంచం కిర్రుమంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. శెట్టి ఆ స్తంభం నుంచి ఈ స్తంభం దాకా నడిచాడు, మళ్లీ నడిచాడు. నాకు ఆ గోడలో పెట్టిన ప్రతి స్క్రూ గుర్తొచ్చింది. ఎన్నో ఇళ్లు చేశాను, ఒక్క గోడ గురించీ అంత భయపడలేదు.

అప్పుడు లోపలినుంచి ఒక శబ్దం వచ్చింది. మొదట సన్నగా మొదలై, పెరిగి, చివర ఈల వేసి, కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. శెట్టి నా వైపు చూశాడు. నేను మరియమ్మ వైపు చూశాను. అవ్వ తెర కొంచెం తొలగించింది. గౌరమ్మ వీపు మా గోడకు ఆనించి, నోరు తెరుచుకుని, ఆనందంగా గురక పెడుతోంది. ఒడిలో మనవరాలు నిద్రపోతోంది. భార్గవి పెదాల మీద వేలు పెట్టుకుని, కళ్లతో నవ్వుతూ మా వైపు చూసింది.

"ఇంగేమడుగుతావప్పా," అంది అవ్వ కొడుకుతో, గుసగుసగా. "సెప్తాంది గదా ఇను."

గోడ మీద చెయ్యి పెట్టి చూడమని మొదట్లో చెప్పాను. ఆ రోజు నేను పెట్టి చూడలేదు, అవసరం కలగలేదు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, మా పెళ్లి రోజున కూడా. ఈ మాట మా ఆవిడ చదవకుండా చూసుకోవాలి.

దీపాలు పెట్టే వేళకు గౌరమ్మ లేచి, జుట్టు సర్దుకుంటూ బయటికొచ్చింది. కారు డ్రైవరు గుమ్మం దగ్గర తాళాలు ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని చూసి, నువ్వు బాగా చీకటి పడకముందే బళ్ళారికి బయల్దేరు అంది. తర్వాత శెట్టి వైపు తిరిగింది.

"తల్లీబిడ్డను ఈడనే ఉంచండన్నా, ఎన్ని దినాలైనా. ఆ గదిలో ఇంగో మంచం పడతాదా?"

శెట్టి ఎవరినీ పిలవలేదు. తన మంచం తనే నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు.